తడవని అంగీ

హనోకు ఎవర్నీ నమ్మడు. బందరు చేపల మార్కెట్లో మొప్ప ఎత్తి చూపిస్తే, ఆ ఎరుపు చేపదేనా లేక ఎవరైనా పూశారా అని వేలితో రుద్ది చూస్తాడు. మందుల షాపులో అట్ట మీద తేదీ చదివాక షాపాయన మొహం కూడా ఒకసారి చదువుతాడు. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందని కుర్రాడు చూపిస్తే, ఆ సున్నా వంక కూడా కాసేపు తేరిపార చూస్తాడు. ఇలాంటి మనిషికి కథలంటే పిచ్చి ఉండటం విచిత్రమే గాని, ఉంది. అది కూడా మామూలు కథలు కాదు. గ్రహాలూ, గాజు నగరాలూ, కాలంలో వెనక్కి నడిచే మనుషులూ ఉండాలి.

గిలకలదిండి వెళ్ళే దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. వేటకెళ్ళే పడవలకి అక్కణ్ణుంచే ఐసు వెళ్తుంది. హనోకు అందులో కంప్రెసర్ ఆపరేటర్. ఆ యంత్రం మోతలో పక్కన మనిషి అరిచినా వినపడదు. అందుకే అతనికి ఒక పద్ధతి అలవాటైంది. ప్రతి శుక్రవారం ఫోన్లో 'నీలిద్వారం' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ కొత్త భాగం వస్తుంది. ఎక్కడో చలిదేశంలో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేసిన సీరియల్. దాన్ని మొదట కంప్రెసర్ పక్కన కూర్చుని శబ్దం లేకుండా చూస్తాడు. మనుషులు మాటలతో మోసం చెయ్యగలరు గాని నడకతో చెయ్యలేరని అతని సిద్ధాంతం. శనివారం డ్యూటీ దిగాక, ఫ్యాక్టరీ వెనక కాలవగట్టు మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ చూస్తాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని రివ్యూ చెప్పి, రికార్డు చేస్తాడు.

ఆ రివ్యూ వెళ్ళేది ఒక వాట్సాప్ గ్రూపుకి. అందులో కృష్ణా జిల్లా నలుమూలల నుంచీ ఈ పిచ్చి ఉన్నవాళ్ళే ఉంటారు. గ్రూపు నడిపేది గుడివాడలో లేడీస్ టైలరింగ్ షాపు పెట్టుకున్న తరన్నుమ్. అందరూ హనోకుని 'బందరు బావ' అంటారు. ఎవరూ అతని మొహం చూడలేదు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. ఎలాంటి గొంతనుకున్నారు! చర్చి సంఘంలో పాటలు ఎత్తుకునేది అతనే. నలుగురి ముందు మాట్లాడటం అతను నేర్చుకున్నదీ అక్కడే. అందుకే అంతరిక్ష నౌక గురించి చెప్పినా సాక్ష్యం చెప్తున్నట్టే ఉంటుంది. మధ్యలో 'ఇదిగో' అంటాడు, మైమరచిపోతే 'సహోదరులారా' అని కూడా అనేస్తాడు. గ్రూపులో నవ్వుకుంటారు, అయినా ఆ గొంతు కోసమే ఎదురుచూస్తారు.

సీరియల్ చూడటానికి ఇంత చాటు ఎందుకంటే, అతను మాట ఇచ్చి ఉన్నాడు. వాళ్ళ సహవాసంలో సినిమాలూ సీరియళ్ళూ లోకసంబంధమైనవి. పెళ్ళికి ముందు, భార్య ప్రియ తల్లి భాగ్యమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది.

"మా అమ్మాయి ఉండే ఇంట్లో టీవీ ఉండకూడదు బాబూ. అది ఒక్కటీ మాటివ్వండి."

ఇచ్చాడు. ఇంట్లో టీవీ లేదు, నిజమే. మాట నిలబెట్టుకున్నానని తనకి తాను చెప్పుకోడానికి ఆ ఒక్క సందు చాలింది. అందర్నీ అనుమానించే మనిషి తన మీదకొచ్చేసరికి ఎంత తేలిగ్గా నమ్మేశాడో చూడండి.

ప్రియ చిన్నపిల్లల బడిలో టీచరు. నవ్వు మొహం, వాగుడుకాయ. అలాంటిది ఆ వేసవి మొదలైన దగ్గర్నుంచీ మాట తగ్గించేసింది. అన్నం పెట్టేది, పక్కకెళ్ళి కూర్చునేది. ఎండల వల్లేమో, బడిలో పని ఎక్కువేమో అనుకున్నాడు హనోకు. అసలు కారణం వేరే. ఒకరోజు అతని ఫోను మీద తరన్నుమ్ పంపిన మెసేజ్ ప్రియ కంట్లో పడింది: 'బావా, నీ గొంతు వినకపోతే వారం గడవదు.' ఆ తర్వాత ప్రియకి ఏ వారమూ సరిగ్గా గడవలేదు. ఈ సంగతి హనోకుకి చాలా ఆలస్యంగా తెలిసింది.

తొమ్మిదో భాగం వచ్చిన శనివారం కాలవగట్టు మీద హనోకు చెప్పిన రివ్యూలో నడిమి భాగం ఇది:

"ఇదిగో, తెల్లారేసరికి సముద్రం వెనక్కి పోయింది. పడవలన్నీ బురదలో ఒరిగిపోయాయి. ఆ బురద మధ్యలో అద్దంలాంటి ద్వారం, దాని వెనక వెలుగు. లోపల్నుంచి ఒక స్వరం పేరుపేరునా పిలుస్తోంది. పేరు విన్నవాళ్ళు విన్నట్టే వెళ్ళిపోతున్నారు. పొయ్యి మీద ఏముందో చూడరు, వెనక ఎవరున్నారో చూడరు. ఒక తల్లి మాత్రం బిడ్డని ఎత్తుకుని నిలబడిపోయింది. 'పిలిచేది ఎవరు?' అని అడిగింది. అడిగింది ఆమె ఒక్కతే! అప్పుడు నీళ్ళు మీదికొచ్చాయి. ఆమె మునిగింది. మునిగి, లేచింది. సహోదరులారా, చూడండి, ఆమె అంగీ తడవలేదు! అంత సముద్రం మీద పడినా అంగీ తడవలేదు! మెడదాకా పెట్టిన జిప్పు పెట్టినట్టే ఉంది. ఇదెలా సాధ్యం? నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పొడిగానే ఉంది."

దీని ముందు సీరియల్ పేరూ, దర్శకుడి పేరూ చెప్పాడు. దీని తర్వాత, షూటింగులో దుస్తులు చూసుకునేవాళ్ళని దుమ్మెత్తిపోసి, "అయిదు దిమ్మలకి మూడు దిమ్మలు" అని ముగించాడు. అందరూ చుక్కలిస్తారు, అతను ఐసు దిమ్మలిస్తాడు.

ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక హనోకు చెప్పులు వేసుకుంటుంటే నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"వందనాలు బ్రదర్. ఆ తడవని అంగీ సంగతి మళ్ళీ ఒక్కసారి మీ నోటితో చెప్పండి" అంది ఒకావిడ.

"దేని సంగతండీ?"

ఆవిడ తన ఫోను నొక్కింది. 'ఇదిగో, తెల్లారేసరికి సముద్రం వెనక్కి పోయింది' అని హనోకు గొంతు గంభీరంగా వినపడింది. సీరియల్ పేరు లేదు. దర్శకుడు లేడు. దిమ్మలు లేవు. పైన మాత్రం 'బందరు సహోదరునికి కలిగిన దర్శనం, పది సంఘాలకు పంపండి' అని రాసి ఉంది. వింటున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

ఎవరో రెండు వైపులా కత్తిరించారు! ఎవరు? ఎందుకు? సీరియల్ అని చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఎదురుగా ప్రియ నిలబడి ఉంది. ఏం చెప్తాడా అన్నట్టు అతని మొహంలోకే చూస్తోంది. చాలా రోజుల తర్వాత ఆ చూపులో కొంచెం మెత్తదనం కనిపించింది అతనికి.

"అంతా దేవుని కృపండీ" అన్నాడు.

అది అబద్ధం కాదు, నిజమూ కాదు. వాళ్ళలో ఆ మాట ఎక్కడైనా అతుకుతుంది. ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అనుకుంటూ వెళ్ళిపోయారు.

ఆరోజు మధ్యాహ్నం ప్రియ ఎన్నాళ్ళకో రొయ్యల కూర వండింది. కొసరి వడ్డించింది. బడిలో ఒక పిల్లాడు చేసిన అల్లరి చెప్పి నవ్వింది కూడా.

"నేనేవేవో అనుకున్నానండీ. మీరు శనివారాలు ఆలస్యంగా రావడం, ఆ ఫోను తిరగేసి పెట్టడం... వేరేగా అనుకున్నాను" అంది తల వంచుకుని.

అప్పుడు తెలిసింది హనోకుకి, ఇన్నాళ్ళూ ఇంట్లో ఆ మౌనం ఎందుకో. ప్రార్థనకి ఒంటరిగా వెళ్తున్నాడని నమ్మి భార్య మళ్ళీ నవ్వుతోందన్నమాట! ఇప్పుడు సీరియల్ అని చెప్తే ఆ నవ్వు మళ్ళీ పోతుంది. ఈసారి పోతే వస్తుందన్న నమ్మకం అతనికి లేదు. పోనీ చెప్పకుండా ఉంటే? కత్తిరించినవాడెవడో వాడి దగ్గర మొత్తం రికార్డు ఉంటుంది. వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటపెట్టొచ్చు. ముందు వాణ్ణి పట్టుకోవాలి.

"ఇంకేమైనా చెప్పాలా నాకు?" అని అడిగింది ప్రియ.

"ఏం లేదు, కూర బాగుంది" అన్నాడు.

ఇక మొదలైంది అతని పరిశోధన. మొదటి అనుమానం బావమరిది స్టీఫెన్ మీద. బంటుమిల్లిలో రొయ్యల చెరువులు చూసుకుంటాడు, ఫోన్లో వీడియోలు అతికించడం, కత్తిరించడం వాడికి సరదా. పైగా ఒకసారి హనోకు తోటి ఆపరేటరు ద్వారా ఆ వాట్సాప్ గ్రూపులోకి రాబోయి, అందులో హనోకు ఉన్నాడని తెలియకుండానే మానేశాడు. హనోకు పనిగట్టుకుని బంటుమిల్లి వెళ్ళి, చెరువు గట్టు మీద నిలబడి అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"నీ ఫోన్లో పాటలు కత్తిరించేదేదో ఉందిగా స్టీఫెన్, అది ఈమధ్య వాడావా?"

"రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి నేను చస్తుంటే పాటలా బావా?" అన్నాడు స్టీఫెన్. తర్వాత గొంతు తగ్గించి, "బావా, నీకు నిజంగా కనిపించిందా? అయితే నా చెరువు గురించి కూడా ఒకసారి ప్రార్థన చెయ్యవా?" అన్నాడు.

వాడి కళ్ళలో నిజమైన భయం ఉంది. హనోకు సిగ్గుతో బండెక్కాడు. అయినా కొంచెం దూరం వెళ్ళాక, వాడు మంచి నటుడేమోనని మళ్ళీ అనుమానించాడు.

తర్వాత తరన్నుమ్‌కి ఫోన్ చేశాడు. కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఏంటి బావా, నీ గొంతు కత్తిరించి దర్శనమని ఊరంతా పంచడానికి నాకింకే పనీ లేదా? పెళ్ళిళ్ళ సీజను, జాకెట్లు గుట్టలు పడి ఉన్నాయి" అని గయ్యిమంది. "మా అత్తగారికి తెలిస్తే ముందు నా ఫోనే తీసుకుంటుంది. నువ్వెంత దాచుకుని చూస్తున్నావో నేనూ అంతే. నన్నెలా అనుమానించావు చెప్పు?"

"తప్పయిందమ్మా."

"మీ ఆవిడకి చెప్పావా అసలు?"

హనోకు ఫోను పెట్టేశాడు. ఇంత కోపంగా మాట్లాడిందంటే ఏదో ఉందేమోనని కాసేపు అనుమానించి, ఆ అనుమానానికి తనే విసుక్కున్నాడు.

గురువారం పాస్టర్ ఇస్సాకు గారు రమ్మని కబురు చేశారు. ఆయన నెమ్మదైన మనిషి. టీ ఇప్పించి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, ఉన్నట్టుండి అడిగారు.

"హనోకూ, ఎన్నో దర్శనాలు విన్నాను నా సేవలో. సింహాలు విన్నాను, సింహాసనాలు విన్నాను. జిప్పు మాత్రం ఎప్పుడూ వినలేదు."

హనోకు టీ గ్లాసు కింద పెట్టాడు.

"మీరు మెలకువగా ఉన్నారా, నిద్రలోనా?"

"మెలకువగానే ఉన్నానండీ."

"రెండుసార్లు చూశానన్నారు. రెండోసారి మీరు అడిగితే కనిపించిందా?"

"అలాంటిదేనండీ" అన్నాడు. ఈయనకి తెలుసు, ఈయనే కత్తిరించి ఉంటాడు, నన్ను పరీక్షిస్తున్నాడు అనుకున్నాడు. తన పాస్టర్ని అంతమాట అనుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"నేనేమీ అనడంలేదు. శనివారం మీ అత్తగారి ఊళ్ళో ఉపవాస ప్రార్థన కూడిక పెట్టారు. కోడూరు చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయట, మీ దర్శనం వినడానికి. నేనూ వస్తున్నాను" అన్నారు ఆయన.

శనివారం పొద్దున ప్రియని బండెక్కించుకుని ఉల్లిపాలెం వంతెన మీదుగా దివిసీమలోకి వెళ్ళాడు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. దర్శనమని అనకుండా, సీరియల్ అని కూడా అనకుండా, పిలుపు విన్నప్పుడు పరీక్షించి వెళ్ళాలని నాలుగు మంచి మాటలు చెప్పి తప్పించుకోవచ్చు. ఆ గొంతుకి ఆ పని పెద్ద కష్టం కాదు. అంతా బాగానే ఉంటుంది. ప్రియ నవ్వుతూనే ఉంటుంది.

భాగ్యమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి వేశారు. చాపల నిండా జనం. అల్లుణ్ణి చూడగానే భాగ్యమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జోడించలేదు.

"నా కళ్ళు మూసుకుపోయాయి అల్లుడుగారూ. మిమ్మల్ని గురించి మా అమ్మాయికి నానా మాటలూ చెప్పాను. క్షమించండి."

ఆ చేతులు వణుకుతున్నాయి. మొహం పాలిపోయి ఉంది. ప్రియ తల్లి భుజం పట్టుకుంది.

"అమ్మా, మాత్ర వేసుకున్నావా?"

"ఉపవాసంలో మాత్రేమిటే. ఆ దర్శనం విన్న దగ్గర్నుంచీ ఒంటిపూటే. ఆ తల్లి సముద్రంలో మునిగినా అంగీ తడవలేదు, నాకు షుగరు ఏం చేస్తుంది?"

అంటూనే తూలింది. ఇద్దరు పట్టుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఎవరో విసనకర్ర అందుకున్నారు. ముందు కూడిక కానివ్వండి, నేను బాగానే ఉన్నానని ఆవిడ పట్టుబట్టింది. పాట మొదలెట్టారు. పాటైపోయింది. మైకు హనోకు చేతికి వచ్చింది.

కూడబలుక్కున్న నాలుగు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. ముందు వరసలో ఇస్సాకు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పక్కన ప్రియ కళ్ళు తెరిచి ఉంది. గోడకి ఆనుకున్న అత్తగారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. హనోకుకి భయం వేసింది, మామూలు భయం కాదు. ఈవిడ కళ్ళు తిరిగి పడిపోతే, పడేసింది తనే. ఆ తర్వాత ప్రియ నవ్వినా ఆ నవ్వు తను చూడలేడు.

"అది దర్శనం కాదండీ" అన్నాడు.

మైకు ఇంకాస్త దగ్గరికి పట్టుకున్నాడు.

"సీరియల్. ఫోన్లో వస్తుంది. వారం వారం చూస్తాను, చూసి బాగుందో లేదో చెప్తాను. అది ఎవరో ముందూ వెనకా కత్తిరించారు. దర్శనం కాదని ఆదివారమే చెప్పాల్సింది, చెప్పలేదు. అంగీ తడవకపోవడం అద్భుతం కాదండీ. తీసినవాళ్ళ పొరపాటు. నీళ్ళలో సీను ఒకరోజు తీసి, బయటికి వచ్చే సీను ఇంకోరోజు తీసుంటారు. పొడి కోటు వేసేశారు. అత్తయ్యగారూ, దయచేసి ఏమైనా తినండి."

పెద్దమనిషి ఒకాయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు. "సీరియల్ కథకా మేం ఉపవాసాలుండింది!" అని ఒకావిడ గట్టిగానే అంది. ఇస్సాకు గారు కళ్ళు తెరిచారు.

"ముందు భాగ్యమ్మగారికి మజ్జిగ ఇవ్వండి" అన్నారు. తర్వాత హనోకు వైపు తిరిగి, "పాటలు కొన్నాళ్ళు వేరేవాళ్ళు ఎత్తుకుంటారు" అన్నారు. కోపం లేదు, అలాగని మినహాయింపూ లేదు.

భాగ్యమ్మ మజ్జిగ తాగింది. మాత్ర వేసుకుంది. అల్లుడి మొహం చూడలేదు. చాలాసేపటికి, గోడతో అన్నట్టుగా అడిగింది.

"ఆ తల్లీ బిడ్డా బతికారా మరి?"

"బతికారండీ" అన్నాడు హనోకు. మాట ఇచ్చి తప్పినందుకు ఆవిడ ఒక్క మాటైనా అంటే బాగుండుననిపించింది.

తిరుగు ప్రయాణంలో ప్రియ, బండి వంతెన మధ్యకి వచ్చేసరికి ఆపమంది. దిగి, రెయిలింగ్ దగ్గర నిలబడింది. సాయంత్రపు ఎండలో కృష్ణ నిండుగా, నెమ్మదిగా సముద్రం వైపు పోతోంది.

"కత్తిరించింది నేనే" అంది.

హనోకుకి మొదట అర్థం కాలేదు.

"మీరు స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీశాను. మీ లాకు గీత చేప బొమ్మ. ఎవరికైనా తెలుస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నారో చూద్దామనే తీశాను. అంతా విన్నాను. వేరే ఏమీ లేదు. కథ చెప్తున్నారు. ఎంత బాగా చెప్తున్నారో! ఏడుపొచ్చింది. అమ్మేమో రోజూ ఫోన్ చేసి మీ గురించి ఏదో ఒకటి అంటుంది. ఒక్కసారి ఆవిడకి వినిపించాలనిపించింది. సీరియల్ అని తెలిస్తే మిమ్మల్ని అసలే బతకనివ్వదని ముందూ వెనకా తీసేశాను. 'మీ అల్లుడి గొంతు విను' అని పంపాను. అంతే. దర్శనమని ఆవిడే అనుకుంది. ఆవిడ ఎవరికి పంపిందో, వాళ్ళెవరికి పంపారో నాకు తెలీదు."

"మరి ఇన్నిరోజులూ ఎందుకు చెప్పలేదు ప్రియా?"

"మీరు చెప్తారని చూశాను. రోజూ అడిగాను, ఇంకేమైనా చెప్పాలా అని."

హనోకుకి రోషం వచ్చింది. "నీ తమ్ముణ్ణి అనుమానించాను, ఆ గుడివాడ అమ్మాయిని అనుమానించాను, చివరికి పాస్టరు అయ్యగార్ని కూడా..." అంటూ ఆగిపోయాడు. తను ఎవర్ని అనుమానించలేదో అప్పుడు తట్టింది.

"నన్ను అనుమానించలేదు" అంది ప్రియ. ఆ మాటకి ఆమె సంతోషించలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నమ్మకం వల్లేనా అది? లేకపోతే నావైపు అసలు చూడకపోవడం వల్లా? వేసవంతా మీ ఎదురుగానే ఉన్నానండీ. నాకేమైందని ఒక్కసారి అడగలేదు మీరు."

వెనకనుంచి వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. వంతెన కాసేపు అదిరింది.

"ఏమైంది ప్రియా?" అని అడిగాడు.

ప్రియ చెంగుతో మొహం తుడుచుకుంది. మెసేజ్ కనిపించిన రోజు దగ్గర్నుంచీ మొదలుపెట్టింది. హనోకు బండి ఇంజను ఆపేసి, విన్నాడు.